గొంతు వినకుండా కరెంటు ఇవ్వను

నా సర్వీసు మొత్తం మీద నాకు అందిన మెమో ఒక్కటే. ఎవరైనా దాని గురించి అడిగితే దాచను. కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని మరీ చెబుతాను. కరెంటు ఆఫీసుల్లో కొత్తగా చేరిన పిల్లలు మీరంతా ఈ సంగతి తెలుసుకోవాలని నా కోరిక. చదివాక నన్ను మొండిమనిషి అనుకుంటే అనుకోండి. అప్పుడూ అందరూ అదే అనుకున్నారు.

అప్పటికి నేను కళ్యాణదుర్గం వైపు ఒక మండలంలో అసిస్టెంట్ ఇంజనీరుని. ఆ ఉద్యోగంలో ఆడమనిషిని చూడటం ఆ ఊళ్ళకు కొత్త. నేను జీపు దిగితే రైతులు నా వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని చూసేవాళ్ళు. "ఏఈ సారు రాలేదా అమ్మా?" అని నన్నే అడిగేవాళ్ళు. "నేనే అప్పా సారు" అంటే నవ్వేవాళ్ళు. కొన్నాళ్ళకు ఇద్దరికీ అలవాటైపోయింది.

లైన్‌మన్ల చేతుల్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. మీకు తెలిసిన విషయమే అయినా ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. ఒక లైను మీద పని చేయాలంటే లైన్‌మన్ ముందు సబ్‌స్టేషన్‌లో ఉన్న ఆపరేటర్‌ను అడిగి ఆ లైనుకు కరెంటు ఆపించుకోవాలి. దాన్ని లైన్ క్లియర్ అంటాం. వాడుకలో ఎల్సీ. పని ముగించి, స్తంభం దిగి, ఆ లైన్‌మనే ఎల్సీ వాపసు ఇవ్వాలి. ఇచ్చేదాకా ఆ స్విచ్ ముట్టుకునే హక్కు దేవుడికి కూడా లేదు. సెల్లు రాకముందు ఇదంతా మనిషి వచ్చి చెప్పాలి, లేకపోతే ఎక్కడో ఒక ల్యాండ్‌ఫోన్ వెతుక్కోవాలి. సెల్లు వచ్చాక పని సులువైంది. సులువైన వెంటనే చెడిపోయింది.

నేను చేరిన వారంలోనే చూశాను. సబ్‌స్టేషన్‌లో ఫోను ఒకసారి మోగి ఆగిపోయింది. ఆపరేటర్ లేచి ఒక ఫీడర్‌కు, అంటే సబ్‌స్టేషన్ నుంచి కొన్ని ఊళ్ళకు పోయే లైనుకు, కరెంటు ఆపాడు. కాసేపటికి ఫోను మోగి ఆగింది, మళ్ళీ మోగి ఆగింది. ఆయన లేచి కరెంటు ఇవ్వబోయాడు.

"ఏమన్నా, ఎవరూ మాట్లాడలేదు కదా, ఎట్ల ఇస్తాండావు?" అన్నాను.

"ఒక మిస్డ్ కాల్ వస్తే ఆపేయల్ల మేడం. రెండొస్తే ఇచ్చేయల్ల. మాకు అలవాటే."

"ఆపమని చేసిన కాల్ ఒకసారి తగల్లేదనుకొని రెండోసారి చేసినాడనుకో. అప్పుడేం చేస్తావు?"

ఆయన తల గోక్కున్నాడు. రిటైర్‌మెంటుకు దగ్గరపడిన మనిషి. మంచివాడు, భయస్తుడు. ఇంతవరకు ఏమీ కాలేదు కాబట్టి ఇక మీదట కూడా కాదని ఆయన నమ్మకం.

ఆ రోజే మిస్డ్ కాల్ వ్యవహారం మాన్పించాను. కొత్త పద్ధతి పెట్టాను. లైన్‌మన్ తన నోటితో తన పేరు చెప్పాలి, ఎక్కడున్నాడో చెప్పాలి, ఎవరెవరు తోడున్నారో చెప్పాలి, ఏం కావాలో చెప్పాలి. ఆపరేటర్ అదంతా తిరిగి అప్పజెప్పాలి. లైన్‌మన్ "ఔను" అనాలి. అప్పుడే స్విచ్. దీనికి మా వాళ్ళు 'మేడం హరికథ' అని పేరు పెట్టారు. నా చెవిన పడేలాగే అనుకునేవాళ్ళు. నేను పట్టించుకోలేదు.

ఈ పద్ధతి అందరికంటే ఎక్కువ నచ్చింది మా సీనియర్ లైన్‌మన్‌కు. యాభై దాటినవాడు. స్తంభం ఎక్కితే కోతిలా ఎక్కుతాడు, ఫోను ఎత్తితే పెట్టడు. ఎల్సీ అడగడానికి ఫోను చేసి ఊళ్ళో ఎవరి గొర్రె తప్పిపోయిందో, ఎవరి బోరులో నీళ్ళు అడుగంటాయో చెప్పి, ఆపరేటర్ భార్య మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో కనుక్కుని, చివరికి అసలు విషయానికి వచ్చేవాడు. సెల్లు చెవికి కాలుతోందని ఆపరేటర్ గొణిగేవాడు. "నా జీతమంతా సెల్లుకే పోతాంది మేడం, మీ హరికథ పుణ్యమా అని" అనేవాడు లైన్‌మన్ నాతో, నవ్వుతూనే.

అలా కొన్నాళ్ళు బాగానే సాగింది. అప్పుడు మా డివిజన్‌కు కొత్త డివిజనల్ ఇంజనీరు, డీఈ గారు వచ్చారు. కోస్తా మనిషి. పని రాక్షసుడు, నిజాయితీపరుడు, మాటకు కట్టుబడేవాడు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత మీకు ఆయన మీద కోపం వస్తుంది. ఆయనకు మెసేజ్‌లంటే ప్రాణం. ఎదురుగా కూర్చున్న గుమస్తాకు కూడా మెసేజ్ పెట్టేవారు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో టకటక కొట్టేవారు. మమ్మల్నీ అలాగే జవాబివ్వమనేవారు.

ఒకసారి కళ్యాణదుర్గంలో ఏఈలందరితో మీటింగు పెట్టారు. మధ్యలో మా స్టోర్ కీపర్ అవసరం పడి, ఆయన ఎక్కడున్నాడో చెప్పమని మా సీనియర్ లైన్‌మన్‌కు మెసేజ్ పెట్టారు. జవాబు వచ్చింది. అది చదివి డీఈ గారి ముఖం పాలిపోయింది. ఫోను బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డారు.

"మన స్టోర్ కీపర్ గారు పోయారు" అన్నారు మెల్లగా. "మొన్ననేగా మాట్లాడాను. అందరూ లేవండి. ఆయన ఆత్మశాంతి కోసం మౌనం పాటిద్దాం."

లేచాం. తలలు వంచాం. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంతలో తలుపు తోసుకుని స్టోర్ కీపర్ లోపలికి వచ్చాడు. అందరూ తలలు వంచుకుని నిలబడి ఉండటం చూసి ఆయన కూడా సంచి కింద పెట్టి, చేతులు కట్టుకుని తల వంచాడు. కాసేపాగి నా పక్కకు జరిగి చెవిలో అడిగాడు. "ఎవురు మేడం పాపం?"

మా లైన్‌మన్ పంపింది "స్టోర్ కీపర్ పోయినాడు" అని. కళ్యాణదుర్గం బస్సెక్కి పోయినాడని ఆయన ఉద్దేశం. మా సీమలో బడికి పోయినా పోవడమే, పొలానికి పోయినా పోవడమే. డీఈ గారి ఊళ్ళో అయితే అలాంటివాటికి వెళ్ళడం అంటారు. పోవడమంటే ఒకటే పోవడం. నోటితో చెప్పి ఉంటే గొంతులో తేడా తెలిసేది. అక్షరాలకు గొంతు లేదు. ఆ సంగతి చెప్పుకుని జిల్లా అంతా నవ్వింది. డీఈ గారు మాత్రం నవ్వలేదు. మెసేజ్‌లు ఆపనూ లేదు.

ఆపకపోగా ఒక ఆర్డర్ పంపారు. ఇకపై ఎల్సీ తీసుకోవడం, వాపసు ఇవ్వడం మెసేజ్ ద్వారానే జరగాలి. వాపసు మెసేజ్ వచ్చిన వెంటనే ఆపరేటర్ ఆలస్యం లేకుండా కరెంటు ఇవ్వాలి.

నేను వెళ్ళి కలిశాను.

"సార్, మెసేజ్‌ను తిరిగి ప్రశ్న అడగలేం. మనిషినైతే అడగొచ్చు."

"చూడమ్మా" అన్నారాయన ఓపికగానే. "వేరే డివిజన్‌లో లైన్‌మన్ చేతులు కాలాయి. నేను వాపసు ఇవ్వలేదని లైన్‌మన్ అంటాడు. ఇచ్చాడని ఆపరేటర్ అంటాడు. ఇద్దరివీ నోటిమాటలే. ఎవడు నిజం చెబుతున్నాడో నాకెలా తెలుస్తుంది? రాసి ఉంటే సాక్ష్యం ఉంటుంది."

"చేతులు కాలాక సాక్ష్యం ఎవరికి సార్? కాలకుండా ఉండటానికి కదా మనం ఉన్నది?"

"ఆర్డర్ వచ్చింది. పాటించు."

"మెసేజ్ కూడా పెట్టిస్తాను సార్. మాట కూడా ఉంటుంది."

"రెండూ అక్కర్లేదు. దానివల్ల ఆలస్యం."

బయటికి వచ్చాను. మా వాళ్ళకు మాత్రం నేను చెప్పాలనుకున్నదే చెప్పాను. సారు అడిగినట్టు మెసేజ్ పెట్టండి, తర్వాత ఫోను చేయండి, గొంతు వినకుండా కరెంటు ఇవ్వద్దు. ఆపరేటర్ నా వైపు భయంగా చూశాడు. నాకు తెలుసు, ఆయన మనసులో డీఈ గారి ఆర్డరే పెద్దది.

ఆ ఏడు వాన ముఖం చాటేసింది. శెనక్కాయ ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే సమయంలో ఒక్క చినుకు లేదు. బోర్లున్నవాళ్ళు మాత్రం ఒక తడి ఇచ్చి చేను బతికించుకోవాలని చూస్తున్నారు. ఆ తడి ఇవ్వాల్సిన లైనే మాటిమాటికీ పోతోంది. గుట్టల పక్కన పోయే ఫీడర్‌లో పింగాణీ ఇన్సులేటర్లు పగిలిపోయి, గాలి కొట్టినప్పుడల్లా కరెంటు ట్రిప్ అవుతోంది. సగం తడిసి సగం ఎండిన చేలు. మా నాయన కణేకల్ దగ్గర కాలువ కింద రైతు. నీళ్ళు ఆలస్యమైతే ఇంట్లో అన్నం ఎవరికీ సయించేది కాదు. చేను ఎండటమంటే ఏమిటో నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఆ ఇన్సులేటర్లు మార్చడానికి సీనియర్ లైన్‌మన్ పొద్దున్నే ఎల్సీ తీసుకుని, ఒక సహాయకుడితో గుట్ట వైపు వెళ్ళాడు. ఆ ఫీడర్ కింద రైతులంతా సబ్‌స్టేషన్‌కు వచ్చి కంచె పక్కన కూర్చున్నారు. వాళ్ళతో ఒకప్పుడు మండలాధ్యక్షుడిగా చేసిన రైతు నాయకుడు ఉన్నాడు. పెద్ద భూములున్న కుటుంబం. పార్టీలో పలుకుబడి ఉంది. ఆయన చేను కూడా ఎండుతోంది, అందుకే ఆయన కోపంలో నటన లేదు. గొడవ కావచ్చని నేనూ పొద్దుటి నుంచి అక్కడే ఉన్నాను.

ఎండ మండిపోతుండగా సబ్‌స్టేషన్ సెల్లు టింగుమంది. ఆపరేటర్ కళ్ళజోడు పెట్టుకుని పైకే చదివాడు.

"పని అయింది. ఎల్సీ వాపస్. సప్లై ఇయ్యి."

కిటికీ దగ్గరున్న రైతులు విన్నారు. వెంటనే అందరూ లేచారు, తువ్వాళ్ళు దులుపుకున్నారు. ఎవరో అప్పుడే ఇంటికి ఫోను చేసి మోటరు దగ్గరికి పొమ్మని అరుస్తున్నారు. ఆపరేటర్ స్విచ్‌లున్న ప్యానల్ వైపు నడిచాడు.

"ఆగన్నా" అన్నాను. "ఆయనకు ఫోన్ చెయ్యి."

చేశాడు. అందుబాటులో లేదని చెప్పింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే. సహాయకుడి దగ్గర సెల్లు లేదు.

"మేడం" అన్నాడు ఆపరేటర్ గొంతు తగ్గించి. "ఆర్డరుండాది. మెసేజొస్తే ఇయ్యమని. నాకు రిటైర్‌మెంట్ దగ్గరుండాది మేడం. నన్ను ఇరికించొద్దండి."

"అయితే నువ్వు లెయ్యన్నా. ఆ కుర్చీలో నేను కూర్చుంటా. నువ్వు ఇయ్యలేదని ఎవరూ అనరు. నేను ఇయ్యలేదంటారు."

ఆయన లేచాడు. నేను కుర్చీని ప్యానల్‌కు అడ్డంగా జరుపుకుని కూర్చున్నాను. నాయకుడు లోపలికి వచ్చాడు, వెనకే వీలైనంత మంది.

"ఏమమ్మా, ఏం జరుగుతాంది ఈడ? మెసేజొచ్చిందంట కదా?"

"వచ్చిందన్నా. ఆయన గొంతు వినాల. విన్న వెంటనే ఇస్తా."

"మాకు సదువు రాదు. నువ్వు సదివినదానివే కదా. పని అయింది అని రాసుండాదా లేదా?"

"రాసుండాది."

"ఆయప్పే రాసినాడా లేదా?"

"ఆయన నంబరే."

"మళ్ళీ ఏం కావల్ల నీకు? పూజ చేయల్లనా?" ఆయన గొంతు పెరిగింది. "ఆడ ఊడలు మాడిపోతాండాయి. నువ్వు ఈడ ఫ్యాను కింద కూర్చోని గొంతు ఇంటా అంటాండావు!"

"ఈ రూముకూ ఆ లైనే కదన్నా, కరెంటు లేకుండా ఫ్యాను యాడ తిరుగుతాది?" అన్నారెవరో వెనక నుంచి. ఒకరిద్దరు నవ్వారు. నాయకుడికి మరింత మండింది. సెల్లు తీసి డీఈ గారికే చేశాడు. గట్టిగా మాట్లాడి ఫోను నా చేతిలో పెట్టాడు.

"మెసేజ్ వచ్చిందా?" అన్నారు డీఈ గారు.

"వచ్చింది సార్. మనిషి దొరకడం లేదు."

"వాపసు మెసేజ్ వచ్చాక మనిషితో పనేముంది? కరెంటు ఇవ్వు. అక్కడ లా అండ్ ఆర్డర్ సమస్య అయ్యేట్టుంది."

"ఇవ్వను సార్."



"ఏమన్నావు?"

"ఆయన దిగాడని నాకు తెలియదు సార్. తెలియకుండా నేను ఇవ్వను. మీరు కళ్యాణదుర్గం నుంచి వచ్చి మీ చేత్తో వేయండి. నేను కుర్చీ పక్కకు జరుపుతాను."

ఫోను పెట్టేశారు.

ధైర్యంగా ఉన్నానని అనుకోకండి. లైన్‌మన్ స్తంభం మీద ఉన్నాడని నాకేం తెలుసు? ఏ చెట్టు కిందో సద్ది మూట విప్పుకుని కూర్చుని ఉంటే నేను జిల్లాలో నవ్వులపాలవుతాను. ఇంతమంది చేలు నా వల్ల ఎండాయంటారు. ఆడదానికి ఉద్యోగమిస్తే ఇంతే అంటారు. అవన్నీ తలలో తిరిగాయి. కానీ ఎటు తిప్పి చూసినా ఒకచోటే ఆగాను. నాది తప్పైతే ఒక పూట తడి ఆలస్యమవుతుంది. వాళ్ళది తప్పైతే మనిషి ఉండడు. ఈ రెండూ ఒకే తక్కెట్లో పెట్టమంటే నేను పెట్టను. అంతే.

జనం అరుస్తున్నారు. ఒకాయన నా మీదికి వేలెత్తి ఏదో అనబోయాడు. అప్పుడు వెనక నుంచి ఒక ముసలమ్మ తోసుకుంటూ ముందుకు వచ్చింది. ఆమెకూ ఆ లైను కింద చిన్న పొలం చెక్క ఉంది. పక్కవాళ్ళ బోరు నీళ్ళతోనే తడుపుకుంటుంది.

"ఉండండప్పా" అంది. "ఆ లైన్‌మన్ రాసి ఊరుకున్నాడా? మాట్లాడలేదా?"

"లేదవ్వా" అన్నాను.

"ఆయప్ప నా ఇంటికాడ ఫ్యూజు వేసేకొచ్చి నా మనవరాలి పెండ్లి దాకా మాట్లాడి పోతాడు. సెల్లు ఎత్తితే పెట్టేయించేకి కాదు. అట్లాంటోడు నాలుగు మాటలు రాసి నోరు మూసుకున్నాడంటే నేను నమ్మను." నాయకుడి వైపు తిరిగింది. "నీకు జీపుండాది కదా? పోయి సూసిరా. ఈడ అరిచేదానికి ఆడికి పోయొచ్చేదే బిరీన అయితాది."

నాయకుడు ఆమెను చూశాడు, నన్ను చూశాడు. "పోతా" అన్నాడు పళ్ళు కొరుకుతూ. "ఆయప్ప చెట్టు కింద పండుకోనుంటే సూడు. నీ ఉద్యోగం నీకుండదు."

"సరేన్నా. పోయి రా."

జీపు దుమ్ము లేపుకుంటూ వెళ్ళింది. జనం మళ్ళీ కంచె పక్కన కూర్చున్నారు. ఆపరేటర్ ఆపకుండా ఫోను చేస్తూనే ఉన్నాడు. ముసలమ్మ గడప మీద కూర్చుని ఆకూవక్కా నములుతోంది. ఆ నిరీక్షణ ఎంతసేపో నేను చెప్పలేను. గడియారం చూడలేదు.

జీపు తిరిగి వచ్చింది. నాయకుడు దిగి ఎవరి వంకా చూడకుండా నేరుగా కుండ దగ్గరికి వెళ్ళి, నీళ్ళు ముంచుకుని తాగాడు. చొక్కా మీద ఒలికినవి తుడుచుకోలేదు.

"ఏమైందన్నా?" అని అడిగారెవరో.

"పైనుండాడు" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

"స్తంభం మీద ఉండాడప్పా. తీగ చేత్తో పట్టుకోనుండాడు. నేను కేకేస్తే ఆడి నుంచి చెయ్యి ఊపినాడు." గ్లాసు కుండ మీద బోర్లించాడు. "ఆ చేత్తోనే."

అప్పుడు జీపు వెనక నుంచి మా లైన్‌మన్ దిగాడు. ఇంత జనాన్ని, నిశ్శబ్దాన్ని చూసి ఆగిపోయాడు.

"ఏందప్పా, అందరూ ఇట్ల చేరినారు? నేనేమన్నా సచ్చినానా?"

ఎవరూ నవ్వలేదు. ముసలమ్మ మాత్రం "సచ్చేదానికి నీకు తీరిక యాడిది, మాట్లాడేదానికే సాలదు" అని పక్కకు తిరిగి ఉమ్మింది.

జరిగింది ఇది. ఆయన పని ముగించి దిగాడు. పొరపాటున కరెంటు వచ్చినా నేలలోకి పోయేలా తీగలకు తగిలించే ఎర్త్ గొలుసులు తీసేశాడు. ఆర్డర్ ప్రకారం వాపసు మెసేజ్ పెట్టాడు. గుట్ట కింద సిగ్నల్ సరిగా లేదు. మెసేజ్ పోలేదని సెల్లు తెర మీద చూపించింది. సరే, పెద్ద రోడ్డు మీదికి పోయి ఫోను చేసి చెబుదామనుకుని బయలుదేరబోతూ పక్క స్తంభం చూశాడు. అక్కడా ఇన్సులేటర్ పగిలి ఉంది. మెసేజ్ పోలేదంటే ఎల్సీ ఇంకా తన దగ్గరే ఉన్నట్టు. ఒక్క ఇన్సులేటరే కదా, ఇది కూడా మార్చేస్తే మళ్ళీ రావక్కర్లేదని ఎక్కాడు. సెల్లున్న చొక్కా విప్పి బండి హ్యాండిల్‌కు తగిలించాడు. పోలేదని చెప్పిన ఆ మెసేజ్ నిజానికి పోయింది. వచ్చి మా చేతిలో పడింది.

"గొలుసులు మళ్ళీ ఎందుకు కట్టలేదు?" అన్నాను.

"చిన్న పని కదా మేడం..."

నేను ఆయన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అప్పటివరకు జనం ముందు నోరు జారకుండా కూర్చున్నదాన్ని, వాళ్ళందరి ఎదుటే అరిచాను. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నేను ఆయన మాట్లాడకుండా నిలబడటం చూసింది అప్పుడే. అరిచి అరిచి ఆగాక, కుర్చీలోంచి లేవకుండానే అన్నాను:

"ఇప్పుడు చెప్పు. నీ నోటితో."

"మీ ముందరే ఉండా కదా మేడం."

"చెప్పు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. తన పేరు చెప్పాడు. గుట్ట కింద పని ముగిసిందన్నాడు. తాను దిగినానన్నాడు, తన మనిషి దిగి బండి మీద వస్తాండాడన్నాడు, గొలుసులు లేవన్నాడు, లైను మీద ఎవ్వరూ లేరన్నాడు. ఎల్సీ వాపస్ ఇస్తాండానన్నాడు. ఆపరేటర్ అదంతా పొల్లుపోకుండా తిరిగి చెప్పాడు. లైన్‌మన్ "ఔను" అన్నాడు. నేను కుర్చీ జరిపాను.

ఫ్యాను తిరిగింది. రైతులు పరుగులు తీశారు. ఆ రోజు వాళ్ళ బోర్లకు కరెంటు ఇవ్వాల్సిన గంటలు నా మూలంగా పోయాయి కాబట్టి, చీకటి పడేదాకా ఆ ఫీడర్ ఆపలేదు. దానికీ నాకు అనుమతి లేదు. ఒక తప్పుకు ఎలాగూ మెమో వస్తుంది, రెండోది కూడా అందులోనే రాసుకోమనుకున్నాను.

వచ్చింది. లిఖితపూర్వక ఆదేశాన్ని ధిక్కరించినందుకు సంజాయిషీ అడిగారు. ఉన్నది ఉన్నట్టు రాశాను. చివర విచారం వ్యక్తం చేయాలట, అది రాయలేదు. మెమో వెనకే బదిలీ కాగితం కూడా వచ్చింది, మడకశిరకు. ఎక్కడో కర్ణాటక సరిహద్దున.

బదిలీ ఎలా వచ్చిందో చెప్పడానికి నాయకుడే మా ఆఫీసుకు వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఆ పొద్దు కోపంలో పైనోళ్ళకు నీ మీద చెప్పినానమ్మా, దీన్ని ఈడ నుంచి ఎత్తేయండని. సాయంత్రం మళ్ళీ చేసి వద్దంటినా. ఇనలేదు. కాగితం కదిలిపోయిందంటారు." తువ్వాలు భుజం మార్చుకున్నాడు. "నేను మాట్లాడినా. నువ్వు సారుకు క్షమించండని ఒక ముక్క రాసిస్తే ఆపుతారంట."

"దేనికన్నా క్షమాపణ?"

ఆయన గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వచ్చాడు.

"నువ్వు కళ్ళారా చూసినావు కదా. ఆయన చెయ్యి ఊపినాడంటివి. ఆ చెయ్యి ఉన్నందుకు నేను క్షమించమని రాయల్లనా?"

"రాయొద్దులే" అన్నాడు. "పో అమ్మా. మడకశిర మంచి ఊరే."

నేను సామాను సర్దుకుంటుండగా డీఈ గారి నుంచి ఫోను వచ్చింది. మెసేజ్ కాదు, ఫోను. నాకు తెలిసి ఆయన నాతో తనంతట తానుగా మాట్లాడటం అదే మొదలు.

"రేపటి నుంచి డివిజన్ అంతా మెసేజ్‌తో పాటు ఫోనులో మాట కూడా ఉండాలని ఆర్డర్ మారుస్తున్నాను" అన్నారు.

"మంచిది సార్."

"నీ మెమో మాత్రం ఉంటుంది. ఆర్డర్ తప్పైనా, ఆర్డర్ ఉన్నప్పుడు ధిక్కరించావు."

"ఉండనివ్వండి సార్."

"మళ్ళీ అలాంటి పరిస్థితి వస్తే?"

"మళ్ళీ ఇంకో మెమో ఇవ్వండి సార్."

ఆయన నవ్వారో దగ్గారో తెలియదు. ఫోనులో ఆ తేడా మాత్రం నాకూ పట్టుబడలేదు. ఆయన నాకు క్షమాపణ చెప్పలేదు, నేను ఆయనకు చెప్పలేదు. ఆ మెమో వల్ల నా ప్రమోషన్ వెనకబడింది. నాకంటే జూనియర్లు నాకు పై అధికారులయ్యారు. వాళ్ళకు నమస్కారం పెట్టేటప్పుడు నాకు ఏ రోజూ తల బరువనిపించలేదు.

మీ చేతుల్లో ఇప్పుడు మాకంటే మంచి ఫోన్లున్నాయి. గ్రూపులున్నాయి, చదివారో లేదో చూపించే గుర్తులున్నాయి, జవాబు బదులు బొటనవేలు బొమ్మ ఉంది. వాడుకోండి, నేను కూడా వాడతాను. కానీ మీ చేతి కింద ఒక మనిషి ప్రాణం ఉన్నప్పుడు బొటనవేలు బొమ్మ చూసి స్విచ్ వేయకండి. ఫోను చేయండి. ఎత్తకపోతే ఆగండి. ఆగినందుకు ఎవరైనా అరిస్తే అరవనివ్వండి. ఆర్డర్ చూపిస్తే చూడండి, చూసి కూర్చోండి. అరుపులు రేపటికి ఉండవు.

మడకశిరలో చేరిన రోజు పొద్దున సబ్‌స్టేషన్‌కు వెళ్ళాను. అక్కడి ఆపరేటర్ తెలుగు, కన్నడం కలిపి మాట్లాడే కుర్రవాడు. నమస్కారం పెట్టి కుర్చీ వేశాడు. నేను ఇంకా నా పేరు చెప్పలేదు, ఏ పద్ధతీ చెప్పలేదు. అంతలో సెల్లు టింగుమంది. అతను చదువుకున్నాడు. ప్యానల్ వైపు వెళ్ళకుండా ఆ నంబరుకు తిరిగి ఫోను చేశాడు.

"అన్నా, మెసేజొచ్చింది. ఇప్పుడు నోటితో చెప్పు. పేరు చెప్పు, యాడుండావో చెప్పు, అందరూ దిగినారా చెప్పు."

నేను ఆశ్చర్యంగా చూస్తున్నాను. అతను ఫోను పెట్టి, స్విచ్ వేసి, నా వైపు తిరిగి నవ్వాడు.

"మీ లైన్‌మన్ మొన్న మా వాళ్ళకు ఫోన్ చేసినాడు మేడం. శానా సేపు మాట్లాడినాడు."

నా మెమో నకలు పోస్టులో ఇంకా మడకశిర చేరలేదు. మాట మాత్రం నాకంటే ముందే వచ్చి కూర్చుంది.